ఆముదం తాగిన బాల్సా: కొత్త ఫిల్మ్ వేసే ముందు నూనె తీయడం ఎలా?

సీను_సికిందరాబాద్ (కొత్త సభ్యుడు) · 17 జనవరి 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో ఒక పాత ట్రైనర్ కొన్నాను, అంటే ఎగరేయడం నేర్చుకునే రిమోట్ మోడల్ విమానం. సిగ్ కాడెట్ ఎల్‌టీ-40, రెక్క 70 అంగుళాలు, ముందు ఓఎస్ 46 ఇంజన్. అమ్మినాయన చాలా ఏళ్లు ఎగరేసి, తర్వాత అటక మీద పడేశారట. ధర తక్కువని సంబరపడ్డాను. ఎందుకు తక్కువో ఇంటికొచ్చాక తెలిసింది.

పైన కప్పిన ప్లాస్టిక్ ఫిల్మ్ ఊడదీద్దామని కూర్చుంటే గోరు కూడా పెట్టక్కర్లేకుండా ఊడొచ్చేసింది. కింద బాల్సా (తేలికపాటి కర్ర) ఫైర్‌వాల్ నుంచి, అంటే ఇంజన్ బిగించే ముందు పలక నుంచి, రెక్క కూర్చునే చోటు దాకా బెల్లం రంగులో ఉంది. కుడి పక్క ఇంకా ఘోరం, తోక దాకా ఒకటే చార. వేలితో నొక్కితే తడి అంటుతోంది. మా నానమ్మ తలకి పెట్టుకునే ఆముదం వాసనకి మాడు వాసన కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

నిన్న పెట్రోల్‌లో గుడ్డ ముంచి గట్టిగా తుడిచాను. అప్పటికి తెల్లబడినట్టే కనిపించింది. పొద్దున్న చూస్తే మరక ముందుకంటే పెద్దదైంది. కొత్త ఫిల్మ్ ముక్క ఒకటి ఇస్త్రీతో అతికించి చూశాను, చల్లారగానే అప్పడంలా లేచిపోయింది. ఫైల్ చేసి పెట్టుకున్న ఫోటోలు రేపు పెడతాను. బాగుచేయొచ్చా, లేక బాడీ పారేసి రెక్క మాత్రం ఉంచుకోవాలా?

గ్లో_గోపి · 17 జనవరి, రాత్రి 10:15

పారేయకు తమ్ముడూ. ఇంతకన్నా ఘోరమైనవి లేచి ఎగిరాయి. కానీ పెట్రోల్ మాత్రం ఆపెయ్.

ముందు ఒక పని చెయ్యి. ఇంజన్ మౌంట్ పట్టుకుని పైకి కిందికి కదుపు. ఫైర్‌వాల్ చుట్టూ వెంట్రుకంత గీత తెరుచుకుంటోందా చూడు. తెరుచుకుంటే నీ సమస్య కవరింగ్ కాదు, ఎగిరేటప్పుడు ఇంజన్ ఊడి ముందుకెళ్లిపోవడం. ట్యాంక్ కూడా బయటికి తీసి దాని కింద ఉన్న స్పాంజి పిండి చూడు. సగం నూనె అక్కడే ఉంటుంది.

కుడి పక్క ఎందుకు ఎక్కువంటే మఫ్లర్ (సైలెన్సర్) అటు ఉంది కాబట్టి. లెక్క వేసుకో: 300 మిల్లీలీటర్ల ట్యాంక్, గ్లో ఇంధనంలో (ఇంజన్ అరగకుండా ఆముదం లాంటి నూనె కలిపిన మిథనాల్) 20 శాతం నూనె అనుకుంటే ఒక్కో ట్యాంకుకి 60 మిల్లీలీటర్లు, అంటే నాలుగు పెద్ద చెంచాలు. దాంట్లో కాలేది కొంచెమే, మిగతాదంతా మఫ్లర్‌లోంచి విమానం ఒంటి మీదకే వస్తుంది. ఫిల్మ్ అంచులో గుండుసూది పట్టేంత సందు ఉన్నా చాలు.

హీట్‌గన్_హరి · 17 జనవరి, రాత్రి 10:52

దీనికింత ఆలోచన ఎందుకు? హీట్ గన్ పట్టు, టిష్యూ పేపర్ పట్టు. వేడి తగిలితే నూనె పలచబడి పైకి ఊరుతుంది, అద్దేయ్. మళ్లీ వేడి, మళ్లీ అద్దడం. ఒక సాయంత్రం పని. నేను బెజవాడలో మూడు విమానాలకి ఇలాగే చేశాను.

సీను_సికిందరాబాద్ · 18 జనవరి, ఉదయం 7:30

గోపి అన్నా, కదిపి చూశాను. కింది అంచులో సన్న గీత తెరుచుకుంటోంది. మిగతా మూడు వైపులా గట్టిగానే ఉంది. స్పాంజి పిండితే చేతి నిండా కాఫీ రంగు నూనె. దాన్ని పారేశాను.

హరి గారూ, హీట్ గన్ ఉంది. ఈ రోజు మొదలుపెట్టేయనా?

నిర్వాహకుడు · 18 జనవరి, ఉదయం 7:48

సీను గారూ, ఆగండి. నిన్న పెట్రోల్ పట్టించిన కర్ర మీద ఈ రోజు హీట్ గన్ వద్దు. పైన ఆరినట్టు కనిపించినా ట్యాంక్ అరలో ఆవిరి నిలిచి ఉంటుంది. బాడీని కనీసం రెండు రోజులు బాల్కనీలో గాలికి పెట్టండి. వంటగదిలో వద్దు, దేవుడి గదికి దగ్గర్లో అసలే వద్దు.

ఈ అంశం మీద ఎవరు ఏ సలహా ఇచ్చినా ద్రావకం, వేడి రెండూ ఒకే రోజు వాడమని చెప్పకండి.

లక్ష్మి_ఆర్సీ · 18 జనవరి, మధ్యాహ్నం 1:20

వరంగల్ నుంచి. కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకునే దాన్ని, సాయంత్రాలు విమానాలు ఎగరేస్తాను. సీను గారి మరక పెట్రోల్‌తో ఎందుకు పెద్దదైందో చెప్తాను, మందు అక్కడే దొరుకుతుంది.

మిగతా వంటనూనెల్లాంటిది కాదు ఆముదం. దాని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. ఆ ఆమ్లానికి ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. అందుకని ఆముదానికి ఆల్కహాల్‌తో స్నేహం, పెట్రోల్‌తో అంటీముట్టని చుట్టరికం. గ్లో ఇంధనం మిథనాల్‌లో ఆముదం కలపగలుగుతున్నాం కదా, అది కూడా ఇందుకే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ ఇంజన్లలో ఆముదం వాడడానికీ ఇదొక కారణం. పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్‌కేస్‌లోంచే (ఇంజన్ పొట్టలోంచే) వెళ్లేది. మామూలు నూనైతే పెట్రోల్ దాన్ని కడిగేసేది. ఆముదాన్ని అంత తేలిగ్గా కడగలేదు.

అంటే సీను గారు కడగలేని దాంతో కడిగారు. కొంత పలచబడింది, పక్కకి పాకింది, పెట్రోల్ ఎగిరిపోయింది, నూనె మిగిలింది.

మీ విమానానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సరిపోతుంది, 99 శాతం అని రాసి ఉన్నది. సింథటిక్ నూనె కలిసిన ఇంధనం వాడి ఉన్నా సాధారణంగా అదే పనిచేస్తుంది. కరోనా రోజుల్లో మిగిలిపోయిన శానిటైజర్ ఉంది కదా అని అది మాత్రం పట్టించకండి. అందులో నీళ్లుంటాయి, చర్మం ఎండిపోకుండా గ్లిసరిన్ కూడా కలుపుతారు. ఒక జిడ్డు తీయబోయి ఇంకో జిడ్డు ఎక్కించినట్టవుతుంది. మిథనాల్ కూడా వద్దు. చర్మంలోంచి ఒంట్లోకి వెళ్లే విషం అది. పైగా పగటి వెలుతురులో దాని మంట కంటికి ఆనదు.

గ్లో_గోపి · 18 జనవరి, మధ్యాహ్నం 2:05

మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ సీనూ, ఆల్కహాల్ తెచ్చి గుడ్డతో తుడిస్తే మళ్లీ అదే కథ. గుడ్డ పైపైన తీస్తుంది. బాల్సా అంటే సన్న గొట్టాల కట్ట అనుకో, ద్రావకం ఆ గొట్టాల్లో నూనెని ఇంకా లోపలికి తీసుకెళ్తుంది. మరునాడు మళ్లీ పైకి తేలుతుంది. పొడి కావాలి.

ముల్తానీ మట్టి. మొహానికి రాసుకునేదే. కిరాణా కొట్లో దొరుకుతుంది. గులాబీ సువాసన, చందనం, తేనె అని రాసినవి కాకుండా ఉత్త మట్టి తీసుకో. ఎండలో ఒక పూట ఆరబెట్టు. ఆల్కహాల్ పోసి కలుపు, ఇడ్లీ పిండంత చిక్కగా ఉండాలి, అట్ల పిండిలా జారకూడదు. మరక మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన మెత్తు. మరక ఎంతుందో అంతే కాదు, చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఎక్కువగా మెత్తు. లేకపోతే అంచున రింగు పడుతుంది. పూర్తిగా ఎండి పగుళ్లిచ్చాక మెత్తటి టూత్ బ్రష్‌తో దులుపు.

మొదటిసారి మట్టి పకోడీ రంగులో వస్తుంది. భయపడకు, సంతోషించు. దులిపి మళ్లీ మెత్తు. మట్టి తెచ్చినప్పటి రంగులోనే రాలే దాకా.

డాలస్_రాజు · 18 జనవరి, రాత్రి 11:30

ఇక్కడ మా క్లబ్బులో పెద్దవాళ్లు బట్టల మరకలకి వాడే కే2ఆర్ అనే స్ప్రే కొడతారు. తడిగా పడి తెల్లటి పొడిలా ఆరుతుంది, బ్రష్‌తో దులిపేయడమే. గోపి గారు చెప్పిన విద్యే డబ్బాలో పెట్టి అమ్ముతున్నారన్నమాట. అది లేనివాళ్లు మొక్కజొన్న పిండిలో ఆల్కహాల్ కలుపుతారు. పిల్లి కింద వేసే మట్టిని మెత్తగా దంచి వాడే ఆయన కూడా ఒకరున్నారు. (వాడనిదే లెండి.)

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు గ్యారేజీలో నేను ఈ పని చేస్తుంటే చూసి, "పట్టుచీర మీద నూనె పడితే పౌడర్ చల్లి ఇస్త్రీ చేస్తాం కదరా, దీనికి ఇంత హడావుడేంటి" అంది. నేను ఆ విద్య కోసం రెండు రాత్రులు ఇంటర్నెట్ అంతా గాలించాను.

హీట్‌గన్_హరి · 19 జనవరి, ఉదయం 9:10

అందరూ మట్టి పిసుకుతున్నారు, బాగుంది. నా మూడు విమానాలూ వేడితోనే అయ్యాయి, మూడింటికీ ఫిల్మ్ పట్టింది. దానికేమంటారు?

మాస్టారు_సీఎల్ · 19 జనవరి, ఉదయం 11:00

హరీ, ఆ మూడింటిలో ఎన్నేళ్ల నూనె ఉందో చెప్పు నాయనా. ఒక సీజన్ నూనె వేడికి వస్తుంది. పదేళ్ల నూనె రాదు.

విశాఖలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలకి చాలా ఏళ్లు ఏరోమోడలింగ్ నేర్పాను. మావి కంట్రోల్‌లైన్ విమానాలు (తీగలు పట్టుకుని చుట్టూ తిప్పేవి), చిన్న డీజిల్ ఇంజన్లు. ఈథర్, కిరోసిన్, ఆముదం ఇంచుమించు సమపాళ్లలో కలిపేవాళ్లం. అంటే మూడో వంతు ఆముదమే! ఇప్పటి మీ 20 శాతం మాకు పత్యం భోజనం. ఒక టర్మ్ అయ్యేసరికి విమానం ముక్కు నల్లగా నిగనిగలాడేది.

అప్పుడు ఫిల్మ్ ఎక్కడిది, టిష్యూ కాగితం మీద డోప్ (కాగితాన్ని బిగించే వార్నిష్ లాంటిది) పూత. గది నిండా అరటిపండు వాసన. నూనె పట్టిన చోట డోప్ ఆరదు, ఆరినా తెల్లగా పొక్కుతుంది. మేం క్లాసులో మిగిలిన సుద్దముక్కలు రోట్లో దంచి, ఆ పొడి చల్లి, పైన అద్దుడు కాగితం పరిచి, గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టె ఆనించేవాళ్లం. ఆనించడమే, రుద్దడం కాదు. కాగితం మీద అద్దంలాంటి మచ్చ పడుతుంది. మచ్చ పడడం ఆగేదాకా కాగితాలు మార్చడమే పని. అల్లరి ఎక్కువ చేసిన కేడెట్‌కి ఈ పని ఇచ్చేవాణ్ణి. వాళ్లలో ఇద్దరు తర్వాత మంచి బిల్డర్లయ్యారు.

హరి పద్ధతి తప్పని నేను అనను, వేడి చివర్లో రావాలి. ముందే గన్ పెట్టి కాలిస్తే రెండు ప్రమాదాలు. ఆముదం మాడి బంకలా గట్టిపడితే ఇక ఆల్కహాల్‌కీ కరగదు. రెండోది, ఫైర్‌వాల్ దగ్గర ఎపాక్సీ జిగురు వేడికి మెత్తబడుతుంది. సీను విమానానికి అక్కడ ఇప్పటికే గీత ఉంది.

హీట్‌గన్_హరి · 19 జనవరి, ఉదయం 11:25

మాస్టారూ, నావి రెండు సీజన్ల నూనె. ఒప్పుకుంటున్నాను. పేరు మాత్రం మార్చుకోను.

పాలమూరు_పైలట్ · 19 జనవరి, సాయంత్రం 6:40

ఆముదం మాట వస్తే నేను మాట్లాడకుండా ఉండలేను. మా నాన్న ఆముదం పండిస్తారు. మా దగ్గర నీళ్లు లేని ఎర్ర చెలకల్లో అదే దిక్కు. మొదటిసారి గ్లో ఇంధనం డబ్బా ఇంటికి తెచ్చి ఇందులో ఆముదం ఉంది అంటే నాన్న మూత తీసి వాసన చూసి, "దీన్ని కాలుస్తరా! మరి మాకెందుకు ఇంత తక్కువ ధర ఇస్తరు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పాత కాలం వాళ్లకి ఇంకో సంగతి తెలిసి ఉంటుంది. మాస్టారూ, డోప్ పెళుసెక్కకుండా నాలుగు చుక్కలు ఆముదం కలిపేవాళ్లు కదా? అంటే కవరింగ్ నిలబెట్టేదీ అదే, ఊడగొట్టేదీ అదే.

మాస్టారు_సీఎల్ · 19 జనవరి, రాత్రి 8:15

కలిపేవాళ్లం నాయనా. చుక్కలు లెక్కపెట్టి వేయాలి. చెంచాతో పోసిన కేడెట్ రెక్క వారమైనా ఆరలేదు.

సీను_సికిందరాబాద్ · 22 జనవరి, రాత్రి 10:05

మొదటి విడత అయింది. శనివారం ముక్కు కిందికి పెట్టి, న్యూస్ పేపర్ల మీద నిలబెట్టి, బాల్కనీ ఎండలో ఉంచాను. సాయంత్రానికి పేపరు మీద అరచేయంత మచ్చ. ఏమీ చేయకుండానే అంత కారింది! ఆదివారం ముల్తానీ మట్టి మొదలుపెట్టాను. నిజంగానే పకోడీ రంగు. మా ఆవిడ ఫేస్ ప్యాక్ డబ్బా ఖాళీ అయిందని ఇంట్లో ఇంకో చర్చ నడుస్తోంది.

మూడు పూతలయ్యాయి. పక్కల మీద బాగా తేలింది, లేత గోధుమ రంగుకొచ్చింది. కానీ ట్యాంక్ అర లోపల చేయి పట్టదు. ఫైర్‌వాల్ ప్లై ఎంత మెత్తినా అలాగే ఉంది. ఇంకోటి, మట్టి ఎందుకు లాగుతుందో సరిగా అర్థం కాలేదు. నూనె కిందికి ఎందుకు పోదు?

లక్ష్మి_ఆర్సీ · 22 జనవరి, రాత్రి 10:50

తడి బట్ట ఆరేటప్పుడు నీళ్లు ఎక్కడినుంచి ఎగిరిపోతాయి? పైభాగం నుంచి. లోపలి నీళ్లు అటే నడిచొస్తాయి. మట్టి పూయకపోతే ఆల్కహాల్ ఎగిరే చోటు కర్ర పైభాగం. నూనెని అక్కడిదాకా మోసుకొచ్చి, అక్కడే వదిలేసి తను ఎగిరిపోతుంది. అదే మీకు పొద్దున్న కనిపించే మరక. పైన మట్టి ఉంటే ఆల్కహాల్ ఎగిరే చోటు మట్టి పైభాగం అవుతుంది. నూనె కర్ర దాటి మట్టిలోకి వచ్చి ఆగుతుంది. మట్టి రేణువుల మధ్య సందులు చాలా సన్నం, ఒకసారి పట్టిన నూనెని తేలిగ్గా వదలవు.

అందుకే పూత పూర్తిగా ఆరేదాకా ముట్టుకోవద్దు. ఆత్రపడి సగం తడిలో గీకేస్తే నూనె దారిలోనే ఉంటుంది. పూత మీద ప్లాస్టిక్ కవరు కప్పడం కూడా పనికిరాదు.

దులిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి. సన్నటి మట్టి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

గ్లో_గోపి · 22 జనవరి, రాత్రి 11:20

ట్యాంక్ అరకి: రెక్క చోటునుంచి పాత చెంచా దూర్చు, కాడ వంచి. దాంతో ముద్ద వేసి, మంచం కోడుకి ఆనించి విమానాన్ని ఆ పక్కకి ఒరిగించి ఉంచు. అడుగు వైపు, తర్వాత పక్కలు, ఒక్కో రోజు ఒక్కోటి. చివర్లో వాక్యూమ్ క్లీనర్ గొట్టం.

ఫైర్‌వాల్ సంగతి వేరు. ప్లై అంటే పొరలు. నూనె పొరల మధ్యకి, నట్లు దిగిన రంధ్రాల చుట్టూ వెళ్లి కూర్చుంటుంది. దాన్ని పూర్తిగా తేల్చిన మొనగాణ్ణి నేను చూడలేదు. నీకు ఎలాగూ కింద గీత ఉంది. తీసేసి కొత్తది పెట్టు. ఆరు మిల్లీమీటర్ల బర్చ్ ప్లై, పాతది అచ్చుగా పెట్టి కోసుకో. రంధ్రాలు పాతదాని మీదుగానే వేసుకుంటే ఇంజన్ కోణం మారదు.

డాలస్_రాజు · 23 జనవరి, ఉదయం 6:15

కొత్త ఫైర్‌వాల్ పెట్టేటప్పుడు జిగురు ఒక్కదాన్నే నమ్మకండి. దాని చుట్టూ పాత బాల్సా, లైట్ ప్లై ఉంది, ఎంత తీసినా కొంత నూనె మిగిలే ఉంటుంది. పక్కలనుంచి సన్నటి రంధ్రాలు వేసి, ఎపాక్సీ రాసిన వెదురు పుల్లలు దింపండి. పక్కకి మూడు చొప్పున. లోపలి మూలల్లో ముక్కోణపు బాల్సా కడ్డీలు అతికించండి.

సీను_సికిందరాబాద్ · 4 ఫిబ్రవరి, రాత్రి 9:00

ఆఫీసు పని వల్ల ఆలస్యమైంది. ఇప్పటిదాకా పక్కలకి ఏడు పూతలు, లోపల నాలుగు. చివరి రెండుసార్లు మట్టి తెల్లగానే రాలింది. ఫైర్‌వాల్ తీశాను. కింది వైపు జిగురు అసలు పట్టులో లేదు, స్క్రూడ్రైవర్ పెట్టగానే వచ్చేసింది. గోపి అన్నా, నువ్వు ఆ రోజు కదిపి చూడమనకపోతే నేను పైన రంగు మార్చి ఎగరేసేవాణ్ణి.

ఫిల్మ్, ఇంజన్, సర్వోలు (చుక్కానులు కదిపే చిన్న మోటార్లు) ఏమీ లేని ఒట్టి బాడీ మొదటి రోజు 742 గ్రాములు. ఫైర్‌వాల్ తీసే ముందు తూచాను, 691. అంటే 51 గ్రాములు నూనె! వంటింటి తూకంతో తూచాను కాబట్టి ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ.

కుడి పక్క మఫ్లర్ వెనక అరచేయంత చోటు మాత్రం లొంగట్లేదు. గోరుతో నొక్కితే దిగబడుతోంది. మట్టి తెల్లగా వస్తోంది, కానీ కర్ర మెత్తగా ఉంది.

మాస్టారు_సీఎల్ · 5 ఫిబ్రవరి, ఉదయం 10:30

అక్కడ నూనె తీయడం అయిపోయింది నాయనా, కర్రలోనే బలం పోయింది. కోసెయ్. చదరంగా కాదు, రెండు చివర్లూ ఏటవాలుగా కొయ్యి, అతుకు పొడవు పెరుగుతుంది. కొత్త ముక్క రేఖలు పాతవాటి దిశలోనే ఉండాలి. అతికించే ముందు పాత అంచులకి ఇంకొకసారి మట్టి పట్టించు. కోసిన అంచులో గొట్టాల నోళ్లు తెరుచుకుంటాయి కదా, అక్కడినుంచి బాగా వస్తుంది.

తర్వాత పాత అద్దుడు కాగితం పరీక్ష. ఆల్కహాల్ పెట్టి రెండు రోజులు గడిచాక కాగితం పరిచి గోరువెచ్చటి ఇస్త్రీ ఆనించు. ఇక్కడ హరికి పని ఉంది.

హీట్‌గన్_హరి · 5 ఫిబ్రవరి, ఉదయం 10:41

వచ్చాను. అద్దుడు కాగితం ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది మాస్టారూ, టిష్యూ పేపర్ రెండు మడతలు చాలు. ఇస్త్రీ పట్టుకి పెట్టే సెట్టింగ్‌లో. అయిదారు సెకన్లు ఆనించు, తీయి, వెలుతురుకి ఎత్తి చూడు. మచ్చ లేకపోతే ఆ రాత్రంతా అలాగే వదిలేసి పొద్దున్న మళ్లీ చూడు. రాత్రికి రాత్రి లోపలినుంచి ఊరేది ఇదే. రెండోసారి కూడా శుభ్రంగా ఉంటే అప్పుడు ఫిల్మ్ ముక్క పరీక్ష పెట్టు: రెండు వేళ్ల వెడల్పు ముక్క అతికించి, పూర్తిగా చల్లారాక లాగు. బాల్సా నూగు ఫిల్మ్‌కి అంటి వస్తే గెలిచినట్టు. ఫిల్మ్ జిగురు మెరుస్తూ శుభ్రంగా వస్తే ఇంకా నూనె ఉంది.

సీను_సికిందరాబాద్ · 18 ఫిబ్రవరి, సాయంత్రం 5:20

కొత్త ఫైర్‌వాల్, ఆరు వెదురు పుల్లలు, కొత్త బాల్సా ముక్క అన్నీ అయ్యాయి. టిష్యూ పరీక్ష మొదటి రోజు పాస్. రెండో రోజు రెక్క కూర్చునే చోట రూపాయి బిళ్లంత మచ్చ ఒకటి తేలింది, ఇంకో పూత పెట్టాను, పోయింది. ఫిల్మ్ ముక్క లాగితే నూగు వచ్చింది. ఆ నూగు చూసి ఇంత ఆనందపడే రోజు వస్తుందనుకోలేదు.

ఇప్పుడు నేరుగా ఫిల్మ్ వేసేయనా? సీలర్ ఏదైనా వేయాలా?

గ్లో_గోపి · 18 ఫిబ్రవరి, సాయంత్రం 6:00

ఫైర్‌వాల్‌కి, ట్యాంక్ అర లోపలికి, మౌంట్ రంధ్రాల్లోకి ఎపాక్సీ పూత. 30 నిమిషాల ఎపాక్సీలో కొద్దిగా ఆల్కహాల్ కలిపితే కుంచెకి లొంగుతుంది. పూత వరకే అలా కలుపు, అతుకులకి కలపొద్దు, బలం తగ్గుతుంది. ట్యూబులు దూరే కన్నాల లోపలి అంచులు మర్చిపోతారు చాలామంది. నూనె దూరే మొదటి దారి అదే.

ముందు భాగం పక్కల మీద పలచటి డోప్ గానీ సాండింగ్ సీలర్ గానీ ఒక పూత, ఆరాక సన్నటి సాండ్ పేపర్. పాత నూనె ఎక్కడైనా మిగిలి ఉంటే డోప్ అక్కడ బుడగలెత్తి చూపిస్తుంది. డోప్ ఒక పరీక్షకుడు కూడా.

ఫిల్మ్ వేసేటప్పుడు తోకనుంచి ముందుకి రా. ముందు వైపు ముక్క వెనక ముక్క మీద కనీసం అర అంగుళం ఎక్కాలి, ఇంటి పెంకుల్లాగా. ముక్కునుంచి వచ్చే నూనె అతుకు మీదుగా జారిపోవాలి, కిందికి దూరకూడదు.

లక్ష్మి_ఆర్సీ · 18 ఫిబ్రవరి, సాయంత్రం 7:35

ఒక విషయం ఎవరూ చెప్పలేదు. ఆ 51 గ్రాముల్లో ఎక్కువ భాగం ముక్కులోనే ఉండేది. అది పోయింది కాబట్టి బరువు కేంద్రం వెనక్కి జరుగుతుంది. పాత యజమాని వేసిన గుర్తుని నమ్మి ఎగరేయకండి. అన్నీ బిగించాక, ట్యాంక్ ఖాళీగా పెట్టి, ప్లాన్‌లో చెప్పిన చోట వేళ్ల మీద నిలబెట్టి చూడండి. తోక కిందికి వాలితే బ్యాటరీని ముందుకు జరపండి.

పాలమూరు_పైలట్ · 19 ఫిబ్రవరి, ఉదయం 8:10

ఇక్కడే అడిగేస్తాను, కొత్త అంశం ఎందుకని. నాది 20 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉన్న విమానం. ముక్కు కింద నూనె మచ్చలు. దానికీ ఆల్కహాలేనా?

లక్ష్మి_ఆర్సీ · 19 ఫిబ్రవరి, ఉదయం 8:45

మీకు తలకిందులు. టూ-స్ట్రోక్ నూనె పెట్రోల్‌లో కరిగే జాతి, ఆల్కహాల్‌కి అంతగా లొంగదు. నాఫ్తా రకం ద్రావకం, అంటే మినరల్ టర్పెంటైన్ కన్నా తొందరగా ఎగిరేది, పెయింట్ షాపులో అడగండి. మట్టి పద్ధతి అదే. అసిటోన్ అందరూ చెప్తారు, నూనె బాగానే లాగుతుంది, కానీ సీఏ జిగురుతో (సూపర్ గ్లూ రకం) కట్టిన అతుకులు మెత్తబడతాయి, రెక్కలో ఫోమ్ ఉంటే కరిగిపోతుంది.

సీను_సికిందరాబాద్ · 10 మార్చి, మధ్యాహ్నం 12:30

పొద్దున్న ఎగరేశాను! ఎగరేశాను అంటే గోపి అన్న ఎగరేశారు, పైకెళ్లాక రిమోట్ నా చేతికిచ్చారు. ఫిల్మ్ పైన పసుపు, కింద ఎరుపు. బ్యాటరీ ట్యాంక్ కిందికి జరపాల్సొచ్చింది, లక్ష్మి మేడమ్ చెప్పినట్టే తోక వాలింది.

మూడు ట్యాంకుల తర్వాత దించి చూశాం. ముందు భాగం గట్టిగా ఉంది. కుడి పక్క కొత్త ముక్క పైన ఒక చిన్న బుడగ మాత్రం లేచింది, చిటికెన వేలి గోరంత. అతుకు అంచులో పాత కర్ర వైపు. అక్కడ మట్టి ఒక్కసారే పెట్టాను, బద్ధకించాను.

మాస్టారు_సీఎల్ · 10 మార్చి, మధ్యాహ్నం 1:15

బుడగని ఇస్త్రీతో నొక్కకు, నూనె పక్కకి పాకుతుంది. బ్లేడుతో కోసి తెరువు, మట్టి పెట్టు, రెండు రోజులు ఆగి పైన చిన్న ముక్క వెయ్యి. మఫ్లర్ చివర నూనె పొగని పక్కకి మళ్లించే సిలికాన్ గొట్టం తగిలించావా?

సీను_సికిందరాబాద్ · 10 మార్చి, మధ్యాహ్నం 1:22

లేదు మాస్టారూ. సాయంత్రం కొంటాను. ముల్తానీ మట్టి కూడా రెండు ప్యాకెట్లు రాసుకున్నాను, ఒకటి మా ఆవిడకి.